మాకు వేరే భాష లేదన్నాను

"నాయనమ్మా, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేశాను. రేపు ఆఫీసులో మన ఎరుకల భాష గురించి, మన పద్ధతుల గురించి అడుగుతారంట. నీకు గుర్తున్నదంతా చెప్పు."

ఏం చెప్పమంటావే సత్యా. గుర్తున్నదంతా అంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టను. ఆ కాగితం ఇంకోసారి చదువు... వద్దులే, చదవొద్దు. పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివావు, నాకు నోటికొచ్చేసింది. నర్సు ఉద్యోగానికి నువ్వు పెట్టిన ఎస్టీ సర్టిఫికెట్ మీద ఎవరో అర్జీ పెట్టారు, ఈ పిల్ల ఎరుకల పిల్ల కాదు అని. కాదో అవునో రేపు పదకొండింటికి బెజవాడ వచ్చి రుజువు చేసుకోమన్నారు. అంతేగా. ఆ అర్జీకి పేపరు ముక్క ఒకటి కుట్టారు. అందులో నా ఫోటో. ఫోటో కింద నా మాట. "మాకు వేరే భాషంటూ లేదమ్మా, మేం మాట్లాడేది తెలుగే." అన్నాను. అనలేదని ఎట్లా అంటాను.

నన్ను అడిగిన పిల్ల మంచిదే పాపం. యూనివర్సిటీ నుంచి వచ్చింది. మనుషుల గురించి చదువుతారంట, ఆంత్రో... ఏదో ఉందే... ఆ, ఆంత్రోపాలజీ. మనుషుల గురించి చదివేదేంటి, పక్కన కూర్చుంటే తెలీదా అనుకున్నాను. కూర్చుంది కూడా. నేను గంప కోసం ఈత బరికెలు చీలుస్తుంటే తనూ ఒకటి చీల్చి వేలు కోసుకుంది, నేనే పసుపు అద్దాను. మూడు రోజులు వచ్చింది. గంపకి మొదలు ఎట్లా వేస్తారు, పందుల్ని పెంచడం ఎప్పుడు మానేశారు, ఇంట్లో సోది ఎవరు చెప్పేవాళ్ళు, అన్నీ అడిగింది, అన్నీ చెప్పాను. ఆఖర్న "మరి మీ భాష మామ్మగారూ?" అంది. అంతే, ఆ మాట నోట్లోంచి ఊడిపడింది. ఆలోచించలేదే. కుక్క మీదికొస్తే రాయి కోసం వొంగుతాం చూడు, వొంగుదామా వద్దా అని అనుకుంటామా, అట్లాగ. ఆ రోజు పేపరాయన కూడా వచ్చాడు. ఆయన ఫోటో తీస్తుంటే నేను కొంగు సర్దుకున్నాను, బాగా పడాలని. అదీ నా తెలివి.

ఎందుకన్నావు అని నువ్వు నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది. మీ నాన్న అయితే నిన్నట్నుంచి నా మొహం చూట్టంలేదు.

మా అమ్మ సెటిల్‌మెంట్‌లో పుట్టింది. సెటిల్‌మెంట్ అంటే నీకు తెలీదు, మనోళ్ళందర్నీ దొంగల కులం అని రాసేసి, తీసకెళ్ళి ఒక చోట పెట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హాజరు. పేరు పిలిస్తే పలకాలి. జొరమొచ్చినా ఎళ్ళి పలకాల్సిందే. దొంగతనం చేసినవాడెవడో చేశాడు, ఆ పుస్తకంలో మాత్రం పాలు తాగే పిల్ల పేరు కూడా ఎక్కించారు. తరవాత ఆ చట్టం తీసేశారు, మావాళ్ళు ఇట్లా కంకిపాడు వైపు కాలవ గట్టుకొచ్చి పాకలేసుకున్నారు. చట్టం పోయింది గానీ మా అమ్మకి భయం పోలా. ఎవరన్నా గట్టిగా "ఏయ్" అంటే చాలు, లేచి నిలబడేది, ముసలిదయ్యాక కూడా.

బస్సులో మన భాషలో ఒక్క మాట అన్నామా, పక్కనావిడ సంచీ ఒళ్ళోకి లాక్కునేది. నా కళ్ళతో చూశాను. అందుకని మా అమ్మ చెప్పేది, బయట ఆ మాట ఎత్తావో నాలిక కోస్తా అని. కోసేదేం కాదులే, కానీ వాత మాత్రం పెట్టింది ఒకసారి. ఇదిగో, ఈ మోచేతి దగ్గర.

అదెందుకంటే, నన్ను బళ్ళో వేశారు. ఒకటో తరగతే, రెండు అనుకుంటా... కాదు, ఒకటే. ఎండాకాలం, దాహమేసింది. మనలో నీళ్ళని తన్ని అంటాం. నేను లేచి "తన్ని, తన్ని" అన్నాను. మేస్టారు "ఎవడే తన్నింది?" అన్నాడు. నాకర్థం కాలా, కుండ వైపు వేలు చూపించి మళ్ళీ "తన్ని" అన్నాను. ఆ కుండ పక్కన కరణంగారి మనవడు కూర్చున్నాడు. వాణ్ణి నాలుగు బాదాడు మేస్టారు. నవ్వకే, అప్పుడు ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి పాకల మీదికి వచ్చారు, ఎరుకల దాని అబద్ధానికి మా పిల్లాడు దెబ్బలు తినాలా అని. మా నాన్న కాళ్ళు పట్టుకున్నాడు. వాళ్ళు ఎళ్ళాక అమ్మ అట్లకాడ కాల్చింది. మర్నాటి నుంచి నేను బడికి ఎళ్ళలా. ఎళ్ళనంటే ఎవరూ ఎళ్ళమనలా.

మా అక్కా నేనూ మాత్రం మాట్లాడుకునేవాళ్ళం. పామర్రు సంతలో గంప అర్ధరూపాయి, పెద్ద గంపైతే ముప్పావలా. ఎంతకి దిగొచ్చో అక్క నా చెవిలో మన మాటలో చెప్పేది, రైతుకి తెలీకుండా. ఆ గుసగుసలే మన భాష. గట్టిగా అరిచి మాట్లాడుకున్నది నాకు గుర్తులేదు. దెబ్బలాడుకున్నా గొణుక్కుంటూనే.

ఇంక పద్ధతులంటావా. ఇది నీకు చెప్పాలంటే నాకిప్పటికీ సిగ్గే. పోయిన నెల్లో మన పక్కింటి కోటేశుని ఇట్లాగే పిలిచారు చూడు, వాణ్ణి అడిగారంట, మీలో ఆడమనిషి నొప్పులు పడుతుంటే మగాడు ఏం చేస్తాడూ అని. వాడు, "ఆస్పత్రి బయట టీ తాగుతాడండీ" అన్నాడంట. వాడికి తెలిసింది వాడు చెప్పాడు. ఆ ఆఫీసరు ముందు పాత పుస్తకం ఉందంట, దొరలెవరో రాసింది, అందులో వేరే ఉంది. ఇంకా తేల్చలేదు వాడి సంగతి.

ఆ పుస్తకంలో ఉన్నది నిజమేనే. మీ నాన్న పుట్టినప్పుడు నాకు నొప్పులు మొదలవగానే మా అత్త నా చీర తీసకెళ్ళి మీ తాతకి చుట్టింది. బొట్టు పెట్టింది, పడుకోబెట్టి దుప్పటి కప్పింది. బిడ్డ పుట్టగానే కడిగి ఆయన పక్కన పెట్టింది. ఇంగువా బెల్లం కలిపి ఉండ చేసి ఎవరికి పెట్టిందనుకున్నావు, ఆయనకి. నొప్పులు నావి, ఉండలు ఆయనవి.

"తాత నిజంగా చీర కట్టుకున్నాడా?"

కట్టుకున్నాడే. ఆరడుగుల మనిషి. తరవాత నాతో అన్నాడు, నువ్వు అరిచినప్పుడల్లా నాకు పొట్టలో మెలిపెట్టింది, ఉత్తుత్తిగా పడుకోలేదు అని. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ గట్టు మీద వేరే కులాల ఆడాళ్ళు తొంగి చూసి, నవ్వుకుంటూ ఊరంతా చెప్పారు. నెలరోజులు ఆయన్ని "ఏం బాలింతా" అని పిలిచారు. దాంతో మీ మేనత్త పుట్టేటప్పుడు నేనే పట్టుబట్టి సర్కారాస్పత్రికి ఎళ్ళాను. మా అత్త బతిమాలింది, వద్దే, వాడికి అక్కడ చోటివ్వరే అని. నేను వినలా.

అదే నేను చేసింది. మీ నాన్నకి ఒక్క ముక్క నేర్పలేదు. జోల పాడితే తెలుగులో పాడాను, తిడితే తెలుగులో తిట్టాను. వాడు బళ్ళో ఏది అడగాలన్నా తెలుగులో అడగాలి, వాడి వల్ల ఎవరూ దెబ్బలు తినకూడదు, వాడూ తినకూడదు. కాపాడుతున్నాననుకున్నానే. ఇప్పుడు వాళ్ళు నీకేం వచ్చో చెప్పమంటే నువ్వేం చెప్తావు, నేను నీకేం మిగిల్చానని. ఏదీ తెలీకుండా పెంచిందీ నేనే, ఏమీ లేదని ఫోటో దిగిందీ నేనే.

పొద్దున మన మాటలు ఒక్కోటీ అనుకుంటూ కూర్చున్నాను. ఉప్పు వచ్చింది, నిప్పు వచ్చింది, చుట్టాల వరసలన్నీ వచ్చాయి. చీమ రాలేదు. చీమని ఏమంటామే మనం? అక్క పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచి ఎవరితో మాట్లాడాను గనక. ఆ ఆఫీసరు చీమనే అడిగితే? అక్కడ కుర్చీలూ, కంప్యూటర్లూ, పోలీసులాంటి బట్టలేసుకున్న వాచ్‌మన్. నా నోరు పడిపోతే?

అయినా వస్తాను. నన్ను తీసకెళ్ళు రేపు. ఆ పేపరు ముక్క చూపించి ఇది మీరేనా అంటే, నేనేనండీ, అబద్ధం చెప్పానండీ అంటాను. జైల్లో వేస్తారా? అబద్ధం చెప్పినందుకు వేస్తే వెయ్యనీ. మా అమ్మ ఎరుకల మనిషి కాదనిపించుకోడానికి చచ్చేదాకా దాక్కుంది. నేను ఎరుకల మనిషినే బాబూ, నమ్మండని బతిమాలాలి.

ఒకటుంది కానీ. నేనొక్కదాన్నే మాట్లాడితే అది భాషని వాళ్ళకెట్లా తెలుస్తుంది? పిచ్చి ముసల్ది గొణుగుతోందనుకుంటారు. అడిగితే తిరిగి చెప్పే మనిషి ఉండాలి ఎదురుగా. సాయంత్రంలోగా పది మాటలు పట్టుకో. నేను అన్నం తిన్నావా అంటాను, నువ్వు తిన్నాను అను. ఎక్కడికెళ్తన్నావు అంటాను, ఊరికి అను. అంతే. ఇంటర్లో అన్ని మార్కులు తెచ్చుకున్నావు, పది మాటలు రావా నీకు.

ఎందుకు లేచావు? తలుపెయ్యడానికా? నేను చెప్పానా వెయ్యమని... చేత్తో చూపించానా. ఏమోనే, మన మాట ఎత్తేముందు తలుపెయ్యడం అలవాటు.

వెయ్యకు. ఉండనీ. కూర్చో ఇట్లా, నా నోరు చూసి అను. తప్పొచ్చినా ఫరవాలేదు, గొణక్కుండా అను. నూరేళ్ళు చల్లగుండాలి నువ్వు. ఆ, అను... ఇంకొంచెం గట్టిగా, తల్లీ...