బోర్డు వైపు తిరిగిన కెమెరా

సభకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. సిద్దిరాములన్నతో పెళ్లి వీడియో తీయించుకోని ఇల్లు మన సుల్తానాబాద్‌లో వెతికినా దొరకదు. అందుకే ఇవాళ ఈ హాలు నిండింది. దుఃఖంతో వచ్చినవాళ్లకు దండం. ఎవరేం మాట్లాడతారో విని పోదామని వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకూ దండమే.

నా పేరు వందన. కరీంనగర్‌లో వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఈ పని నాకు నేర్పింది సిద్దిరాములన్నే. పోయిన వారం గ్రానైట్ క్వారీలో అన్న మీద బండ పడి చనిపోయాడు. క్వారీ వాళ్లు ఒక వీడియో చూపించి, తప్పంతా అన్నదే అంటున్నారు. రేపు కరీంనగర్‌లో విచారణ. అక్కడ అన్న భార్య, మా చంద్రవ్వ వదిన, ఆ మాట తన నోటితో ఒప్పుకోవాలట. ఒప్పుకోవాలా? అన్న ఎట్లాంటి మనిషో చెప్తాను. విన్నాక మీరే చెప్పండి.

మన దగ్గర చావును కూడా వీడియో తీయిస్తాం, గల్ఫ్‌లో ఉన్న కొడుకుల కోసం. రాజయ్య చనిపోయినప్పుడు కొడుకు దశరథానికి దుబాయ్‌లో సెలవు దొరకలేదు. అన్న ఏం చేశాడు? గోడెక్కి పైనుంచి తీశాడా? లేదు. కొడుకు నడవాల్సిన చోట, కొడుకు కళ్ల ఎత్తులో కెమెరా పట్టి నడిచాడు. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, లేస్తాడేమోనన్న ఆశతో చెవిలో పిలుస్తాం కదా. అక్కడ అన్న మట్టిలో బోర్లా పడుకుని, కెమెరాను రాజయ్య చెవి దాకా తీసుకుపోయాడు. పిలుపులు అయ్యేదాకా కదపలేదు. అది చూసి దశరథం ఫోన్ చేశాడు. "అన్నా, బాపును నేనే పిలిచినట్టయింది" అని ఏడ్చాడు.

పైనుంచి తీసి ఉంటే అది ఊరేగింపు వీడియో అయ్యేది. కెమెరా పాడె పక్కన నడిచింది కాబట్టి కొడుకు దుఃఖమైంది.

ఇంకోసారి ఒక నాయకుడి మీటింగ్. సగం కుర్చీలు ఖాళీ. ముందు వరసలను దగ్గరగా తీస్తే చాలు, జనం కిక్కిరిసినట్టు కనబడుతుందని ఆయన మనుషులు వచ్చి చెప్పారు. అన్న దగ్గరగా తీశాడు. ఆ తర్వాత వెనక్కి నడిచి, ఖాళీ కుర్చీలతో సహా మొత్తం తీసి ఇచ్చాడు. మళ్లీ వాళ్లు పిలవలేదు. నేను నవ్వితే నాతో ఒక మాట అన్నాడు. "కెమెరా దానంతటది తిరగదు బిడ్డా. ఎవలో తిప్పుతరు. ఎందుకు తిప్పిన్రో అడుగు."

అయ్యా, అందుకే అడుగుతున్నాను.

ఆ వీడియో మీ అందరి ఫోన్లలో ఉంది. క్వారీ గట్టు మీద నుంచి ఎవరో తీశారు. పైనుంచి తీస్తే ఎంత జాగ్రత్తపరుడైనా దారి తప్పిన మేకపిల్లలాగే కనబడతాడు. అన్న కింద ట్రైపాడ్ పెట్టుకుంటున్నాడు. ఉన్నట్టుండి కెమెరా పక్కకు తిరుగుతుంది. "ప్రమాదం, లోపలికి రావద్దు" అన్న బోర్డు మీద ఆగుతుంది. తిరిగి వచ్చేసరికి అన్న బండ కింద ఉన్నాడు.

ఎవరైనా చప్పుడైన వైపు తిరుగుతారా, బోర్డు వైపు తిరుగుతారా? చూసినవాళ్లు "అయ్యో, బోర్డు ఉన్నా పోయిండే" అనుకోవాలి. ఆ కెమెరా తిరిగింది అందుకే అని నా అనుమానం. ఇంకొకటి. అన్న నీడ ఒక వైపు పడింది, బోర్డు నీడ దానికి ఎదురు వైపు పడింది. బోర్డు కాళ్ల దగ్గర మట్టి పచ్చిగా ఉంది. బోర్డును తర్వాత పాతి, వేరే పూట తీసి మధ్యలో అతికించినట్టుంది. కత్తిరించి అతికించడం నా రోజు పని, అతుకు కనబడితే నాకు తెలియదా? పైగా కొత్త మిషన్ వీడియో తీయమని అన్నను లోపలికి పిలిచింది వాళ్లే. పిలిచినవాళ్లే రావద్దన్నారా?

అసలు వీడియో ఇవ్వమని అడిగాను. తీసిన ఫోన్ పోయిందన్నారు. ఫోన్ పోతే వీడియో ఊరంతా ఎట్లా తిరిగింది?

అనుమానం పెనుభూతం అంటారు. నిజమే, నాకు నిద్ర పట్టడం లేదు. నా అనుమానం తప్పే కావచ్చు. తప్పని చూపించమనే అడుగుతున్నాను. మొన్న ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, "నీకెందుకమ్మా గీ లొల్లి" అని మెల్లగా చెప్పి పోయాడు. ఆయన ఈ హాల్లోనే ఉన్నాడు. పెద్దమనిషీ, నాకెందుకంటే, నేల గట్టిగా ఉందో లేదో కాలితో తట్టి చూడనిదే ట్రైపాడ్ పెట్టని మనిషిని మీరు అజాగ్రత్తపరుడు అంటున్నారు.

ఇక అన్న కోసం మౌనం పాటిద్దాం. లేచే ముందు ఒక్క మాట. రేపు విచారణలో చంద్రవ్వ వదిన లేచి, మొత్తం వీడియో చూపించమని అడుగుతుంది. ఆమె వెనక ఎవరు లేస్తారో నాకు తెలియదు. ఇవాళ లేవడం తేలిక, సంతాపానికి అందరూ లేస్తారు. వదినా, ముందు నువ్వు లే. మిగతావాళ్లలో, రేపు కూడా లేచేవాళ్లే ఇప్పుడు లేచి నిలబడండి.