ఎనుక నిలబడ్డోళ్ల పాట

— నాయనమ్మా, ఫోన్ల రికార్డింగ్ ఆన్ చేసిన. స్టేడియంల మేం పాడే పాటలు ఉత్త లొల్లి అన్నవ్ గదా నిన్న, మరి మీ ఫుట్‌బాల్ టీముకు పాట ఉండెనా? గోల్‌కీపరు ఎవలు, యాదగిరేనా? యా-ద-గి-రి. ఏదీ, నువ్వు గూడ ఒక్కసారి అను!

సిగ్గు లేదే నీకు! తాతను పేరు వెట్టి పిలుస్తవా? బాల్కనీల కుర్చీల కునుకు తీస్తున్నడు గాబట్టి సరిపోయింది. నేనైతే అనను బిడ్డా. పెండ్లయిన సంది అనలే, ఇప్పుడు నీ ఫోను కోసం అంటనా? మా అత్త ముచ్చట ఎరుకేనా నీకు? ఆమె పెనిమిటి పేరు ముత్యాలు. ముత్యాలమ్మ గుడికి పోదామంటే గూడ "ఆ తల్లి గుడికి" అనేది గని పేరు నోట్లకు రానియ్యకపోయేది. గసుంటి ఇంటికి కోడలినయి వచ్చిన నేను. ఏంది నవ్వుతవ్? నవ్వు నవ్వు. నీ గొంతు జూడు, కాకి లెక్క అయింది. మ్యాచుల ఎంత ఒర్రితే గట్లయితది! జర ఉడుకు నీళ్లు తాగు ముందుగాల.

పాట ఉండెనా అంటవ్. ఉండె. మస్తుండె. మీ లెక్క డ్రమ్ములు, జెండాలు లెవ్వు గని... గాదు, జెండా ఉండె. పౌరాణికం సినిమాల రథం మీద కట్టింది, షూటింగ్ అయినంక మాకిచ్చిండ్రు. నడుమ ఆంజనేయుడు ఉండె. ఫుట్‌బాల్‌కు ఆంజనేయుడు ఏందిరా అని ఎవ్వలు అడగలే. ఆయనకంటే బాగా ఎగిరేటోడు ఎవలున్నరు చెప్పు?

ఎప్పటి ముచ్చట అంటే, సినిమాలన్నీ మద్రాసు నుంచి గీడికి దిగుతున్న దినాలు. నేను పోలీస్ యాక్షన్ అయినంక శానేండ్లకు పుట్టినదాన్ని, గప్పటికి పడుసుదాన్నే. కృష్ణానగర్‌ల ఒక్క రూము, కిరాయిది. నేను జూనియర్ ఆర్టిస్టును. హీరో పెండ్లిల అక్షింతలు ఏసుడు, హీరో చచ్చిపోతే ఏడ్సుడు... థూ, హీరో ఎందుకు చస్తడు, హీరో నాయిన చస్తే ఏడ్సుడు. ఏదైనా ఎనుక నిలబడుడే. మీ తాత ఫైటరు. హీరో ఒక్కటి గుద్దితే మ్యాడ మీదికెల్లి కింద వడేటోడు. మీ తాత వడ్డడంటే హాల్ల జనం ఈలలు కొట్టేది. ఈలలు హీరోకే అనుకో, గని నేను మా ఆయనకే అనుకునేదాన్ని.

నెలకో ఆదివారం షూటింగులు బంద్ ఉండేది. ఫిలింనగర్ కింద, ఇప్పుడు పెద్ద పెద్ద బంగ్లాలున్నయి సూడు, గాడ రాతి గుండ్ల నడుమ జర సాపు జాగ ఉండె. గాడ ఆట. సెట్టింగు ఇప్పినంక మిగిలిన బొంగులే గోలు కట్టెలు. మేం గుండ్ల మీదికి ఎక్కి కూసునేది, అదే మా గ్యాలరీ. ఎండకు గుండు సురసుర కాలుతుంటే కింద గోనెసంచి ఏసుకునేది. చాయ్ అర్ధరూపాయి ఉండె... అర్ధరూపాయేనా? ఏమో, గంతే అనుకో. ఇప్పుడు గదే జాగల కాఫీ తాగాలంటే పుస్తెలు కుదువ వెట్టాలె.

మాది ఆర్టిస్టుల టీము, మా ముంగట లైటింగోళ్ల టీము. ఆళ్లకు పెద్ద సూర్రావన్న. గోదావరి దిక్కు నుంచి వచ్చిండు, పెద్ద బొజ్జ, పెద్ద గొంతు. ఆడుడు రాదు గని, మైకు లేకుంటనే మైకు లెక్క ఒర్రేది. ఆయన మొదలువెడితే లైటింగోళ్లంత రిఫ్లెక్టరు అట్టలు డబడబ కొట్టుకుంట "లైటు మాది, నీడ మీది!" అని పాడేటోళ్లు. ఎంత పొగరు సూడు! గని ఒప్పుకోవాలె, బాగుండె. నేను గూడ బోళ్లు తోముకుంట పాడేదాన్ని, ఎవ్వలు ఇనకుంట.

మాకు పాట కట్టింది భారతక్క. కోరస్ పాడేది, బెజవాడ ఆమె, మా పక్క రూమే.

"రూము సిన్నది, గొంతు పెద్దది, కృష్ణానగర్!
ఎండల నిలబడ్డోళ్లం, ఎనుక నిలబడ్డోళ్లం,
ఎన్నడు దిగిపోనోళ్లం, కృష్ణానగర్!"

ఆమె "వెనక" అని రాసింది, మేము "ఎనుక" అని పాడుతుంటిమి. "ఏంటే, నా పాట మొత్తం పాడు చేసేస్తున్నారు!" అని కొట్లాటకు వచ్చేది. ఆట సురువైతే ఆమె గూడ "ఎనుక"నే అనేది, ఊపుల ఆమెకే తెల్వకపోయేది.

పాట అయినంక ఇంకోటుండె. భారతక్క లేసి "గోలు ముందు ఎవరున్నారు?" అని అడుగుతది. అందరు మీ తాత పేరు ఒర్రుతరు. మల్ల అడుగుతది, మల్ల ఒర్రుతరు. పేరు కాడికి వచ్చేసరికి నేను సప్పట్లు గొట్టేదాన్ని. ఆడోళ్లంత నా దిక్కే సూసి నవ్వుడు. "ఒక్కసారి అనవే పిల్లా, మీ ఆయన్ని మేమే పిలవాలా?" అని భారతక్క గిల్లేది. ఇప్పుడు నువ్వు గిల్లినట్లే.

ఇంగ అసలు ముచ్చట ఇను. ఒక షూటింగుల మీ తాత మ్యాడ మీదికెల్లి వడ్డడు. కింద అట్టడబ్బాలు పేరుస్తరు, మీద పరుపు ఏస్తరు. ఆ దినం డబ్బాలు జరిగినయి. భుజం బొక్క ఇరిగింది. ఎర్రగడ్డల బొక్కలు కట్టేటోని కాడ కట్టు కట్టిచ్చినం, బొక్క అతికింది. గని మనిషి అతకలే. మల్ల పనికి పోయిండు. అంచు మీద నిలబడ్తడు, "యాక్షన్" అంటరు, కాళ్లు కదలయి. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పంటడు. మీ నాయిన గప్పుడు నా కడుపుల ఉన్నడు.

ఫైట్ మాస్టరు వచ్చిండు ఒకనాడు. మంచోడే. పడలేనోన్ని పైకి ఎక్కిస్తే పానం పోతది, ఆయన భయం ఆయనది. "తమ్మీ, ఆదివారం నీ ఆట సూడనికె వస్త. గోలు కాడ బాలు మీదికి దుంకినవనుకో, సోమారం షూటింగుకు తీస్కపోనికె నీ గల్లీకి వ్యాన్ వస్తది. లేకపోతే ఫికర్ చెయ్యకు, జనంల నిలబడు" అన్నడు. జనంల నిలబడుడు అంటే నా పక్కన నిలబడుడు. నాకు సంబురమే. గని మీ తాత మొకం సూస్తే ఆ సంబురం నిలువలే.

గల్లీకి గల్లీ అంత వచ్చింది ఆ ఆదివారం. ఎవ్వలకు చెప్పలే, అందరికి తెల్సు. గొంతులు పోయేదాక పాడిండ్రు. ఆవల సూర్రావన్నకు సంగతి తెల్వదు పాపం. మీ తాత కింద వడకుంట నిలబడి ఆడుతుంటే "పడకు పడకు యాదగిరీ, పడితే చొక్కా నలిగిపోద్ది!" అని పాట అందుకున్నడు...

— నాయనమ్మా! అన్నవ్! పేరు అన్నవ్!

నేనేడన్న? అది సూర్రావన్న అన్నడు. నేను ఆయన పాట చెప్పిన, గది లెక్కల రాదు. కూసో సప్పుడు చెయ్యకుంట.

ఆ, ఏడున్న? ఒక బాలు మెల్లగ వస్తుంది మా గోలు దిక్కు. చిన్న పోరగాడైనా పట్టుకుంటడు. గప్పుడు సూర్రావన్న "కట్!" అని ఒర్రిండు. అంతే! పాడెటోళ్లు పాట ఆపిండ్రు, ఉరికెటోళ్లు ఆగిండ్రు, మీ తాత నడుము సక్కగ చేసుకోని నిలబడ్డడు. మా ఫార్వర్డ్ పోరడు చెమట తుడుసుకోనికె పోయిండు. "కట్" అంటే ఆగుడే ఎరుక గదా మాకు, మనసుకు గాదు, పెయ్యికే అలవాటు. బాలు ఒక్కటే ఆగలే. దానికేం తెలుసు సినిమా? సక్కగ లోపటికి పోయింది. లైటింగోళ్లు కింద వడి పొర్లి నవ్విండ్రు. మేము లొల్లి లొల్లి చేసినం. రెఫరీ ప్రొడక్షన్ మేనేజరు, ఆయన గూడ నవ్వుకుంటనే గోలు ఇచ్చిండు.

మేం గూడ ఒక గోలు కొట్టినం తర్వాత. ఇంగ ఆట అయిపోతుందనంగ మావోడొకడు బాలుకు చెయ్యి వెట్టిండు. పెనాల్టీ. మీ తాత ఒక్కడే, ముంగట తన్నెటోడు. గుండు మీద మాస్టరు లేసి నిలబడ్డడు. "ఈసారి కట్ అంటే ఎవ్వరూ ఆగకండే!" అని భారతక్క అందరికి చెప్పింది. పాట అందుకున్నం. "ఎనుక నిలబడ్డోళ్లం" దాక వచ్చినం.

సూర్రావన్న "కట్" అనలే. చెయ్యి లేపి "సైలెన్స్!" అన్నడు.

ఏం జెప్పాలె బిడ్డా. గుండ్లు గూడ సప్పుడు ఆపినయి. భారతక్క నోరు తెరిసింది తెరిసినట్లే ఉంది. గంత మంది కూడినం, గాలి సప్పుడు ఇనవడుతుంది. మీ తాత మా దిక్కు సూసిండు. ఆ మొకం... అంచు మీద నిలబడ్డప్పటి మొకమే. ఎవలన్న పేరు వెట్టి పిలుస్తే బాగుండు అన్నట్లు. ఎవ్వలు పిలుస్తలేరు. నేనే పిలుద్దామనుకున్న. నిజం, ఆ ఒక్కసారి అందామనే అనుకున్న. నాలుక తిరగలే. తన్నెటోడు ఉరికొస్తున్నడు. నా నోట్లకెల్లి ఏమొచ్చిందో ఎరుకేనా?

"యాక్షన్!"

సైలెన్స్ అన్నంక మరేమొస్తది? గదే వచ్చింది. మీ తాత లేసిండు. ఆలోచన చెయ్యలే, పెయ్యి లేసింది. గాల్ల అడ్డంగ, గా ఇరిగిన భుజం దిక్కే! పిడికిలి బాలుకు తాకిన సప్పుడు నాకు ఇప్పటికీ ఇనవడ్తది. బాలు గుండు మీదికి పోయి వడ్డది. ఆయన దుమ్ముల బోర్ల వడ్డడు.

వడ్డోడు లేస్తలేడు.

ఎవ్వలు అరుస్తలేరు. కడుపు పట్టుకోని గుండు దిగిన, ఎట్ల దిగిన్నో తెల్వది. దగ్గరికి పోయి "ఓ అయ్యా, ఏమయింది, లెవ్వు" అంటే, కండ్లు మూసుకోనే మెల్లగ అంటడు, "కట్ అనలేదు గదనే!"

ఫైటరు వడ్డంక కట్ అనేదాక లేవొద్దు. పని నేర్సుకున్నప్పటి సంది గదే అలవాటు. సూర్రావన్న బొజ్జ ఊపుకుంట ఉరికొచ్చి "కట్! కట్! షాట్ ఓకే!" అన్నడు. గప్పుడు లేసిండు. లైటింగోళ్లు అట్టలు గొట్టిండ్రు, ఆళ్ల పాట గాదు, మా పాటకు. రెండు గుండ్ల దిక్కులకెల్లి "రూము సిన్నది, గొంతు పెద్దది" అని. ఆట సమానమైంది, గది ఎవ్వలకు యాదికి లేదు. సూర్రావన్నకు సంగతి అంత తెలిసినంక నాతోని "చెల్లెమ్మా, ముందే చెప్పుంటే ఆ పాట కట్టేవాణ్ణి కాదు గదమ్మా" అన్నడు. కండ్లల్ల నీళ్లు. మల్ల ఎంబడే, "అయినా యాక్షన్ చెప్పడానికి మీరెవరమ్మా, డైరెక్టరా?" అన్నడు.

సోమారం వ్యాన్ వచ్చింది. గల్లీ మూలమీద ఆగి హారన్ గొట్టింది.

మీ నాయిన చదువు, నీ చదువు, గీ ఇల్లు, అంత ఆ హారన్ ఎనుకనే వచ్చినయి. గందుకే నేను తెల్లారంగ దీపం ముంగట నిలబడితే దేవునితోని పాటు భారతక్కను తలుసుకుంట, సూర్రావన్నను తలుసుకుంట, ఆ గుండ్లను గూడ తలుసుకుంట. గుండ్లు పగలగొట్టిండ్రు గని వాటి పుణ్యం ఏడికి పోతది? నువ్వు గూడ మంచిగ ఒర్రు బిడ్డా స్టేడియంల. నీ గొంతు సల్లగుండ. ఎవలో ఒకలు ఆడ ఒంటిగ నిలబడి మీ దిక్కు సూస్తరు, ఆళ్లకు ఇనవడాలె.

— తాతకు చాయ్ టైం అయింది. ఇప్పుడన్న పేరు వెట్టి పిలువు నాయనమ్మా, ఒక్కసారి!

పేరా? పేరుతోని ఏం పని. ఫోను అటు వెట్టు, బాల్కనీ దిక్కు. సూడు మంచిగ...

యాక్షన్!

...లేసిండా లేదా?