మోతికి మైసయ్య నేర్పిన మర్యాద

ఇచ్చోడలో రోడ్డు పక్కన లస్మవ్వ చాయ హోటల్‌కు ఎంత పేరో, అక్కడ పొద్దున పూట మైసయ్య కోసే కోతలకూ అంత పేరు. మైసయ్య జీపు నడుపుతాడు. జీపు కంటే నోరు ఎక్కువ నడుస్తుంది. మాటలు కోటలు దాటుతాయంటారు గదా, మైసయ్యవి కోటలు దాటి మహారాష్ట్రలో దిగుతాయి.

ఆ రోజు ఫిలిప్ చాయ కోసం రాలేదు. తాడు కట్టిన కుక్కను పట్టుకుని వచ్చాడు. దాని పేరు కాల్యా. నల్లటిది, మంచిదే, కానీ మనిషి కనపడితే చాలు, ముందు కాళ్లు రెండూ భుజాల మీద వేసి మొహం నాకేస్తుంది. మొన్న చర్చి నుంచి వచ్చిన ఒక ముసలమ్మను అట్లాగే పడేసింది. ఈ సాయంత్రం ఫిలిప్ ఇంట్లో ప్రార్థన కూడిక, చర్చి సంఘం వాళ్లంతా వస్తారు. "ఇంకొక్కల మీద ఎగిరిందంటె జైనూర్ల మా అన్న చేను కాడికి పంపిస్త" అని భార్య ప్రిస్కిల్లా తేల్చి చెప్పింది. కళ్లు తెరవని కూనప్పటి నుంచి ఒళ్లో పెట్టుకుని పెంచాడేమో, ఫిలిప్‌కు రాత్రి ముద్ద దిగలేదు. మైసయ్య ఇంట్లో కుక్క మోతి మాత్రం ఎవరు వచ్చినా కుదురుగా కూర్చుంటుందని ఊరంతా చెప్పుకుంటారు. ఆ విద్యేదో అడుగుదామని వచ్చాడు.

"కాకా, నీ మోతికి ఎట్ల నేర్పినవ్?"

అడిగిందే తడవు, మైసయ్య బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నాడు.

"జర చాయ పొయ్యి లస్మక్కా. అరే ఫిలిప్పూ, మోతి సుత మొదట్ల నీ కుక్క లెక్కనే ఉండె. పాలోడొస్తె పాలు నేలపాలు, చుట్టాలొస్తె లుంగీలు పీలికలు. ఓనాడు నేను దాని కండ్లల్లకు చూసిన. గంతే, కూసున్నది. తెల్లారి పాలోడొచ్చిండు, కూసున్నది. నమస్తే అంటె ముందటి కాలు లేపింది. గాయన కండ్లల్ల నీళ్లు. గా పొద్దు సంది మాకు పాలు చిక్కగ పోస్తుండు."

"కుదురుగ కూసునుడైతె నిజమే" అన్నాడు పక్కన బీడీ వెలిగిస్తున్న పరశురాములు. అంతమాత్రం ఒప్పుకోవడమే తప్పయింది. మైసయ్యకు గేరు పడింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరికనా? గీ పరశురాములు మొక్కున్నదంటె కొండగట్టుకు నా జీపుల తీస్కపోయిన. ఆడ కోతుల సంగతి తెల్వదా? కొబ్బరిచిప్ప కనపడితె మనిషినే గుంజుతయ్. మోతి జీపు దిగి కూసున్నది. ఓ కోతి చూసి కూసున్నది. దాన్ని చూసి ఇంకోటి. ఎంబడే గుట్ట మీది కోతులన్ని మెట్లకు రెండు దిక్కుల పెండ్లి బంతిల కూసున్నట్టు కూసున్నయ్. చేతుల పెడితె గని చిప్ప ముడుతలెవ్వు!"

"నేనెప్పుడొచ్చిన మైసన్నా నీ జీపుల?"

"నువ్వు ఎనుక సీట్ల పండుకున్నవ్ లే."

అవతల ఎవరో సైకిలు దిగుతుంటే కాల్యా ఎగిరెగిరి పడుతోంది. ఫిలిప్ తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. "అది సరే కాకా, నేర్పుడెట్ల?"

"గదే చెప్తున్న బిడ్డా, నడుమల రాకు. ఓనాడు జైనూర్ పోతున్నం. ఘాటు మలుపుల ఏమున్నది? పులి! రోడ్డుకు అడ్డంగ నిలబడ్డది. మీసాలే నా చేతులంత పొడుగు. నాకైతె ఫికర్ లేదు గని ఎనుక బస్సుల జనం పరేషాన్. మోతి దిగింది, పులి ముందటికి పోయి సల్లగ కూసున్నది. పులి అటు చూసింది, ఇటు చూసింది. దానికి సిగ్గయింది. అది సుత కూసున్నది!"

"పులి కూసున్నది?" లస్మవ్వ చాయ వడగడుతూ అడిగింది.

"కూసునుడే గాదు, కాలు సుత ఇచ్చింది. పట్టుకొని ఊపిన. దూది లెక్క మెత్తగుంది అక్కా! గది చూసి ఎనుకున్న బస్సు సుత ముందటి చక్రాలు మడిచి కూసున్నది!"

"టైర్లు పంచరైనట్టున్నయ్" అన్నాడు పరశురాములు.

"పంచరు గాదురా, మర్యాద! ఫారెస్టాయన ఉరికొచ్చి నా చేతులు పట్టుకున్నడు. అడివిల పులులన్నిటికి ఒక్కసారి నీ చూపు చూడు మైసయ్యా అని..."

"కాకా!" ఫిలిప్ అడ్డుపడ్డాడు. "పులుల ముచ్చట ఇడిసిపెట్టు. మాపటికి మా ఇంటికి అందరొస్తరు. ఇది ఎగిరిందంటె రేపటి సంది నా ఇంట్ల ఉండది. నీ కాళ్లు మొక్కుత, ఎట్ల నేర్పినవో చెప్పు."

మైసయ్య గతుక్కుమన్నాడు. అయినా తగ్గుతాడా? వంగి కాల్యా కళ్లలోకి ఉరిమి చూశాడు. కాల్యా సంతోషం పట్టలేక మీదికి ఎగిరి మీసాలతో సహా నాకింది. చాయ ప్యాంటు మీద ఒలికింది.

లస్మవ్వ గిన్నె దించి బయటికొచ్చింది. "నేను చెప్త బిడ్డా. మొన్న మైసన్న ఇంటామె ఎలీసవ్వకు జరమొస్తె చూడబోయిన. ఎవలొచ్చినా గామె ముందుగాల ప్రార్థన చేస్తది. అందరు కండ్లు మూసుకొని నిలబడాలె. మొదట్ల మోతి ఎగిరేదట. చూసేటోళ్లు లేరు, తిట్టేటోళ్లు లేరు, ఎంతసేపని ఎగురుతది? ఆఖరుకు కూసునేదట. ఆమెన్ అన్నంక, కూసోనుంటెనే ఇంత రొట్టె పెట్టేదట. గంతే నేర్పుడు. లెవ్వుండ్రి, చేతులు కట్టుకోండ్రి!"

అందరూ లేచి చేతులు కట్టుకున్నారు. కాల్యా పరశురాములు మీదికి ఎగిరింది, లస్మవ్వ మీదికి ఎగిరింది. ఎవరూ కన్నెత్తి చూడలేదు. కాసేపు తికమకపడి, ఇక లాభం లేదనుకుని కింద కూలబడింది. ఫిలిప్ వెంటనే బన్ను ముక్క నోట్లో పెట్టాడు. మళ్లీ చేశారు. మళ్లీ మళ్లీ చేశారు. బన్ను అయిపోతే ఇంకోటి తెచ్చారు. ఆఖరుకు ఒక లారీ డ్రైవరు దిగి హోటల్‌లోకి వస్తే, కాల్యా అతని ముందుకు పోయి, తోక ఆడిస్తూ, దానంతటదే కూర్చుంది.

హోటల్ హోటలంతా కేక వేసింది. ఏమీ తెలియని డ్రైవరు కూడా నవ్వాడు. ఫిలిప్ కళ్లు తుడుచుకుంటూ కాల్యా మెడ చుట్టూ చెయ్యి వేసి, ప్రిస్కిల్లాకు ఫోన్ చేశాడు. "జైనూర్‌కు పంపుడు లేదు ఏం లేదు. మాపటికి రొట్టెలు జర ఎక్కువ చెయ్యి!"

"చూసిండ్రా!" మైసయ్య రొమ్ము విరుచుకున్నాడు. "నా చూపు పట్టాలంటె జర టైం పడతది. ఆ తర్వాత ఏమైందో ఎరికనా..."

"నీకే ఎరికలేదు మైసన్నా" అంది లస్మవ్వ. "ఎలీసవ్వ నా తోటి ఒక్కటే చెప్పుకున్నది. 'కుక్క ఆమెన్ దాక కుదురుగ కూసుంటది లస్మక్కా. గాయననే, నేను కండ్లు మూసుకుంటె చాలు, మీ హోటలుకు ఉరుకుతడు.'"