స్వెటర్ తొడిగిన తొండ

ఆదివారం పొద్దున ఢిల్లీ శివారు వైశాలిలో, మెట్రో స్టేషన్ పక్క టీ కొట్టు దగ్గర మన తెలుగువాళ్లు నలుగురు చేరారంటే మాటంతా భీమశంకరంగారిదే. ఆ రోజు కిరణ్మయికి ఓ చిక్కు వచ్చిపడింది. చెల్లెలి పెళ్లికి కాకినాడ వెళ్లాలి, ప్రాణంగా పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్‌ని ఎవరికి అప్పజెప్పాలో తోచడం లేదు. ఆ మాట పూర్తికాకముందే ఆయన అందుకున్నారు.

"నేనుండగా నీకు బెంగెందుకమ్మా? నవంబరులో మా ఆఫీసులో ఒకాయన పోర్ట్‌బ్లెయిర్‌కి బదిలీ అయి వెళ్తూ, ఇలాంటి గడ్డం తొండనే నా చేతిలో పెట్టిపోయాడు. అప్పటికి నాలుగొందల గ్రాములు. దీనికి జబ్బు చేస్తే పైకి కనపడదు, బరువు తగ్గితేనే తెలుస్తుంది, వారం వారం తూచండి అన్నాడు డాక్టరు. సరే, మా ఆవిడ మాణిక్యాంబ శనగపిండి తూచుకునే కాటా మీదే కూర్చోబెట్టాను. ఆవిడ మళ్లీ ఆ కాటా ముట్టుకోలేదనుకో, అది వేరే సంగతి. నా చేతి చలవ ఏమిటోగానీ వారం తిరిగేసరికి అరకిలో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాటా పాడైపోయుంటుంది," అన్నాడు ఆయన ఎదురింటి శేషగిరి.

"నువ్వుండవయ్యా. డిసెంబరులో కూరగాయల భయ్యా తక్కెడలో పెట్టాం. అటు రెండు కిలోల రాయి వేస్తే రాయే పైకి లేచింది, భయ్యా నాకు దణ్ణం పెట్టాడు. జనవరి ఒకటిన లిఫ్టు ఎక్కాం, నేనూ అదీ ఇద్దరమే, ఓవర్‌లోడని కుయ్యోమంది. ఆటో ఎక్కిస్తే ముందు చక్రం గాల్లోకి లేచింది. ఇక లాభంలేదని సాహిబాబాద్‌లో లారీలు తూచే ధర్మకాటాకే తీసుకెళ్లాను. అక్కడివాడు అంకె చూసి, 'సాబ్, ముందు సిమెంటు దించి రండి' అన్నాడు. ఈలోగా మావాడు ఒళ్లు విరుచుకున్నాడు. పక్కనున్న లారీ గిర్రున తిరిగి లోనీ ఊరి వైపు మొహం పెట్టింది."

"అచ్ఛా," అన్నాడు శేషగిరి టీ ఊదుకుంటూ.

కిరణ్మయి మాత్రం నవ్వలేదు. "చలికాలంలో మాది తిండే సరిగ్గా ముట్టదంకుల్. మీది బాగా తింటోందా?"

"తిండా? మెంతికూర మొహం కూడా చూడదు. కళ్లు మూసుకు పడుకుంటుంది. అయినా బరువు పెరుగుతూనే ఉంది, అదీ నా పెంపకం. ఢిల్లీ చలికి తట్టుకోవద్దూ? మా ఆవిడ వారానికొకటి చొప్పున స్వెటర్ అల్లి, ఒకదాని మీద ఒకటి తొడుగుతోంది. మొన్నటి నుంచి మంకీ క్యాప్ కూడా."

"అవన్నీ విప్పి తూస్తున్నారా?"

"ఈ చలిలో బట్టలు విప్పుతారటమ్మా ఎవరైనా?" అన్నారాయన ధీమాగా.

శేషగిరి టీ ఊదడం ఆపేశాడు. "అయితే పెరిగింది స్వెటర్ల బరువన్నమాట," అన్నాడు. భీమశంకరంగారు చేతిలో గ్లాసు కింద పెట్టేశారు.

కిరణ్మయి లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"నాది శేషగిరి అంకుల్ ఇంట్లో ఉంటుంది. మీరు పదండి, ముందు మీ దాన్ని డాక్టరుకి చూపిద్దాం."