చేతులు కడుక్కున్నాక

"నా పిల్లాణ్ణి ఒక్కసారి కూడా ఎత్తుకోలేదేంటి అమ్మమ్మా?"

ఎత్తుకుంటాలేవే, తొందరేముంది. నా బాధ నీకేం తెలుసు... కూర్చో, చెప్తాను.

పెళ్ళైన కాణ్ణించీ ఎండుచేపల గంప మోసేనా, కాట్రేనికోనలో అమలాపురం బస్సెక్కితే చాలు, కొంగులన్నీ ముక్కుల మీదకెళ్ళేవి. టిక్కెట్టు అర్ధరూపాయి, కాదు కాదు, ముప్పావలా. అందరిలాగే ఇచ్చేదాన్ని. అయినా కండక్టరు "వెనక్కెళ్ళమ్మా, వెనక్కి" అనేవాడు. దాంతో నాకో అలవాటైపోయింది. ఇంటికి రాగానే చింతపండూ పసుపూ వేసి చేతులు తోమడం, ముక్కు దగ్గర పెట్టుకు చూడ్డం. నీసు పోలేదా, మళ్ళీ తోమడం. మీ అమ్మకి పాలిచ్చే ముందూ అంతే. మీ తాతయ్య నవ్వేవారు, "అరిగిపోతాయే ఆ చేతులు" అని.

మరి ఆ కరోనా జ్వరం వచ్చిందా, వెళ్తా వెళ్తా నా వాసన పట్టుకుపోయింది. డాక్టరుగారు చెప్పేరు, ముక్కు బానే ఉందమ్మా, వాసన మోసే నరమే దెబ్బతింది, పొద్దున్నా సాయంత్రం లవంగాలూ నిమ్మతొక్కా వాసన చూడండి, వస్తే రావచ్చని. ఆయ్, అలాగేనండి అన్నాను. చూసేను. ఎన్నాళ్ళని చూస్తాను, విసుగొచ్చేసింది. కూర తిన్నా గడ్డి నమిలినట్టే. పాలు మాడి గిన్నె నల్లబడినా తెలవదు. పక్కింటావిడేమో "మీ పనే బాగుందండి, కంపు తెలవదు" అంటుంది. ఏడవలేక నవ్వేను.

అదంతా పోనీలే. ఈ చేతులమ్మా... ఇప్పటికీ అరుగు మీద ఎండు నెత్తళ్ళ చేపలు అమ్ముతున్నాను కదా. తోముతాను, నీసు పోయిందో లేదో తెలవదు. ఎవర్నడిగినా "అబ్బే, ఏం లేదండి" అంటారు. మనోళ్ళ మర్యాద నీకు తెలీందా, మొహమ్మీద చెప్తారా? ఇంక పసిగుడ్డుని ఎలా ముట్టుకోను చెప్పు.

ఇదుగో, నువ్వు చూడు. అబద్ధం చెప్పకు.

ఆఁ? వస్తుందా? అమ్మయ్య, ఒక్కదానివి నిజం చెప్పేవు. ఆగు, మళ్ళీ కడుక్కొస్తాను... ఒసే, వస్తుందని చెప్పి ఒళ్ళో పెట్టేస్తావేంటే! ఏంటీ? చిన్నప్పుడు నిన్ను జోకొట్టిన చేతులకీ ఇదే వాసనా? మరి చెప్పేవు కాదేంటే ఇన్నాళ్ళూ...

వీడి మాడు మీద ముక్కు పెట్టి వాసన చూస్తున్నానమ్మా. ఏం రావట్లేదు. వెచ్చగా ఉన్నాడు, అంతే.

చల్లగా ఉండు నాన్నా. మంచిదీ చెడ్డదీ, అన్ని వాసనలూ తెలవాలి నీకు. నాది కూడా...