తస్కర శిఖామణికి పేరు పెట్టినోడు

ఎర్రగుంట్ల రైల్వే గేటు పక్కన జైనాబ్ బీ టీకొట్టు. కంబన్న వస్తున్నాడంటే అక్కడున్నవాళ్ళు గ్లాసులు గబగబా ఖాళీ చేసి లేచిపోతారు. సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన నోట్లో పడితే పిడికెడు సిమెంటు పెద్ద ఆనకట్ట అయి కూచుంటుంది. ఆ శుక్రవారం మాత్రం ఎవరూ లేవలేకపోయారు. గేటు పడింది, గూడ్సు బండి పట్టాల మీద అడ్డంగా ఆగింది. లారీ డ్రైవరు రంగస్వామి ఉసూరుమంటూ బెంచీ మీద కూలబడ్డాడు.

కొట్టు వెనక గది గడప మీద దావూద్ కూచుని ఉన్నాడు. లారీలకు కరెంటు పని చేస్తాడు. శుక్రవారం శుక్రవారం ఆ గదిలో అతనూ నలుగురు స్నేహితులూ ‘ఏడు గవనులు’ అనే ఆట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు కత్తి పట్టినవాడనో మంత్రగాడనో తలా ఒక వేషం కడతారు, గెలుపోటములు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆ ఆట పుస్తకం ఈమధ్యనే రెండోసారి, బాగా మార్పులు చేసి వేశారు. వేషాల పేర్లు మారాయి, ఏ వేషం ఏం చేయగలదన్నదీ మారింది. పొద్దున కర్నూలు నుంచి జైనాబ్ బీకి ఫోను వచ్చింది. ఆదివారం అక్కడ ఆటగాళ్ళ సభ ఉందట. ఎర్రగుంట్ల నుంచి ఒకరు వచ్చి ఈ మార్పుల మీద నాలుగు మాటలు మాట్లాడాలట. ఎవరొస్తారో సాయంత్రంలోగా చెప్పాలట.

“నువ్వే పోరా దావూదూ,” అంది జైనాబ్ బీ.

“నాతో కాదు ఆపా. నలుగురి ముందర నిలబడితే నాకు నాలిక పిడచ కట్టుకపోతాది.”

ఆ మాట కంబన్న చెవిన పడనే పడింది.

“ఎవరో ఒకరెందుకు, నేనుండా గదా!” అని భుజం మీది తువ్వాలు దులిపాడు. “ఆ కొత్త పుస్తకం వెనకాల ఎవరుండారనుకున్యారు? పోయినేడు మంత్రాలయం పోయుంటి. మఠం ముందర ఒక బక్కమనిషి తల పట్టుకోని కూచోనుండాడు. ఏమప్పా అంటే, సామీ, నేను ఆట పుస్తకం రాస్తాండా, వేషాలకు పేర్లు కుదరడం లేదు అన్యాడు. పాపం అనిపించి ఒక్క పేరు చెప్తి, ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“కాళ్ళ మీద పడినాడా?” అన్నాడు రంగస్వామి.

“యాడ పడతాడు! మూర్ఛపోయినాడు. నది నీళ్ళు తెచ్చి మొగాన చల్లితే గాని లేయలా. లేచినోడు నన్ను ఇడిస్తే గదా. మర్సటి దినమే ఇంటి ముందరికి కారొచ్చె. కర్నూల్లో ఒక పెద్ద హాలు, దాంట్లో నలభై మంది పండితులు, ఆర్నెల్ల నుంచి కొట్లాడుకుంటాండారు, గడ్డాలు బెత్తెడు పెరిగిపోయినాయి. జరగండప్పా అని నడిమధ్యన కూచుంటి. టీ ఒక గుక్క తాగితే ఒక పేరు. కత్తి పట్టినోడా? ఖడ్గ మార్తాండుడు! మంత్రాలేసేటోడా? మంత్ర సార్వభౌముడు! మందులిచ్చేటోడు ఔషధ చింతామణి! గోడలెక్కేటోడు తస్కర శిఖామణి!”

దావూద్ తల పైకెత్తాడు. కంబన్న ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ దించుకున్నాడు.

“పాచిక ఒకటేసి చూపించు సామీ అన్యారు. ఎత్తి ఏస్తి. బల్ల మీద ఆగిందనుకున్యారా? మెట్లు దిగింది, కొండారెడ్డి బురుజు చుట్టూ మూడు చుట్లు తిరిగింది, మంత్రాలయం దోవ పట్టింది, దాని ఎనకాల పండితులంతా పంచెలెగ్గట్టుకోని ఉరుకుడే ఉరుకుడు. తుంగభద్ర ఒడ్డున ఆగింది. చూస్తే ఇరవై ఒకటి!”

“ఇరవై మొగాలే గదప్పా దానికి?”

“నేనేస్తే ఇంకోటి మొలిసింది.”

రంగస్వామి నవ్వు ఆపుకోలేక టీ మీద పోసుకున్నాడు. జైనాబ్ బీ మాత్రం మూతి విరిచి పాలగిన్నె కింద మంట తగ్గించింది. నవ్వు వినబడేసరికి కంబన్నకు ఇంకా ఊపొచ్చింది.

“ఇదేం చూసినారు! మంత్ర సార్వభౌముడికి నేనే ఒక వానమంత్రం రాస్తి. సరిగ్గుండాదో లేదోనని గొంతెత్తి చదివితి. అంతే, కోసిగిలో మూడు దినాలు ఎడతెరపి లేని వాన! పనుల కోసరం మూటాముల్లె కట్టుకోని బస్సెక్కినోళ్ళంతా బస్సు నిలిపి దిగి, చేన్లకు పరిగెత్తినారు. ఆ ఏడు ఆ ఊర్లో ఒక్కరు వలస పోతే ఒట్టు!”

“మా ఆడబిడ్డది కోసిగే,” అంది జైనాబ్ బీ తల తిప్పకుండానే. “పోయినేడు చంటిదాన్ని ఎత్తుకోని గుంటూరుకు మిరపకాయలు కోసేదానికి పోయింది.”

కంబన్న తడుముకోలేదు. “ఆమెకు వాన చప్పుడు ఇనపళ్ళేదేమో.”

కొట్టులో నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఇంతసేపూ ముసలాయన పిచ్చిలే అని ఊరుకున్న దావూద్‌కు ఒళ్ళు మండింది. పేరు కోసం ఈ మనిషి ఎవరి కష్టం మీదనైనా కాలు పెట్టి నిలబడతాడు, ఎల్లుండి కర్నూల్లోనూ ఇట్లాగే నిలబడతాడు అనుకున్నాడు.

కంబన్న అదే ఊపులో ఇంకో మెట్టెక్కాడు. “అన్నిటికన్నా తస్కర శిఖామణి కత చెప్పాల. పండితులు వాని మీద జాలి చూపిస్తాంటే నేనే అడ్డం పడితి. దొంగనాయాలు దొంగ మాదిరే ఉండాల, వాన్ని ఎవ్వురూ నమ్మగూడదు, రెండు దెబ్బలకే చావాల అని దగ్గరుండి రాయిస్తి.”

దావూద్ లేచి నిలబడ్డాడు. “కంబన్నా, ఆ పేరు నువ్వు పెట్టిందేనా?”

“నేను గాక?”

“ఆ రాతా నీదేనా? ఒట్టు?”

“రాఘవేంద్రస్వామి మీద ఒట్టు!”

దావూద్ గదిలోకి పోయి రెండు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి బంగారు రంగు అక్షరాలతో మెరిసిపోతోంది. రెండోది అట్టంతా గ్రీజు మరకలే.

“నువ్వు ఈ గదిలోకి వచ్చి తిరగేసి పోయింది ఈ మెరిసేది గదా? ఇది పాతది. చిరిగిపోతే నేనే కొత్తట్ట ఏయించినా. కొత్తది ఈ మరకలది, దినామూ నా చేతిలో నలుగుతాంది. నువ్వు చెప్పిన పేర్లు నాలుగూ పాతవే. కొత్త దాంట్లో ఒక్కటి గూడా లేదు. అన్నీ పీకేసినారు.”

రంగస్వామి గ్రీజు మరకల పుస్తకం తెరిచి వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. “కత్తోడు... మంత్రగాడు... మందులామె... జాడగాడు. శిఖామణీ లేడు, చింతామణీ లేడప్పా!”

దావూద్ ఆగలేదు. “నాది ఆ తస్కర శిఖామణి వేషమే. మా రుఖియా చిన్నపిల్ల, ఆటలో మా నాయన వేషం ఇదీ అని బడిలో సంబరంగా చెప్పుకున్యాది. అర్థం తెలిసినాక పిల్లోళ్ళు ఏడాది పొడుగునా దాన్ని దొంగ కూతురు, దొంగ కూతురు అని ఏడిపించినారు. బడికి పోనని మంచం కోడు పట్టుకోని ఏడ్సేది. అప్పుడు ఆ పుస్తకమేసేటోళ్ళకు రాసినా నేను, ఉత్తరం మీద ఉత్తరం. అడుగుజాడ చూసి దోవ చెప్పేటోడు, ఎండిన వంకలో నీళ్ళు యాడుండాయో పసిగట్టేటోడు మా సీమలో దొంగ గాదు స్వామీ, ఊరికి దిక్కు అని. రెండేండ్లకు జాడగాడని మార్చినారు. ఆ పాత పేరు పెట్టినోడు యాడన్నా కనపడితే ఒక మాట అడగాలని ఇన్నాళ్ళూ కాసుకోనుండా. స్వామి మీద ఒట్టేసి మరీ ఒప్పుకుంటివి. చెప్పు కంబన్నా, మా రుఖియాకు ఏం చెప్పమంటావు?”

కంబన్న ఇరుక్కుపోయాడు. అబద్ధమాడానంటే పరువు పోతుంది, నిజమే అంటే పసిపిల్ల ఉసురు తగులుతుంది. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“అంటే... ఆ ఒక్క పేరూ... ఆ నలభై మంది పండితుల్లో ఎవరో...”

“మూర్ఛపోయినాయన పెట్టినాడేమో,” అన్నాడు రంగస్వామి.

గూడ్సు బండి కూత వేసి కదిలింది, గేటు లేచింది. ఎవ్వరూ బెంచీ దిగలేదు. జైనాబ్ బీ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. “ఏమిరా, నాలిక పిడచ కట్టుకపోతాదంటివే? ఈడ బాగానే తిరిగిందే! ఆడ గూడా ఇదే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.” దావూద్ వద్దనలేదు. కర్నూలుకు పేరు చెప్పేసింది.

కంబన్న లేచి గడప దాకా పోయి, వెనక్కి తిరిగాడు.

“తోడుగా నేనొస్తాలే దావూదూ. కర్నూల్లో నన్ను ఎరగనోళ్ళు లేరు.”

“అందుకే వద్దులే కంబన్నా,” అంది జైనాబ్ బీ.