వదిన చదివిన మూడు పుస్తకాలు

మధ్యాహ్నం కోంటా బజారులో వదిన బట్టల కొట్టు ఖాళీగా ఉంది. ఆడబిడ్డ భద్రాచలం నుంచి తెచ్చిచ్చిన మూడు పుస్తకాలనూ వదిన తిరిగి ఇచ్చేస్తోంది.

“దయ్యాల కథకు భయమైందా వదినా?”

“లేదు, నవ్వొచ్చింది.”

“మరి ప్రేమ నవలకు ఏడ్చినవా?”

“అందుల పిల్లే అంత ఏడుస్తుంటే నాకేం మిగిలింది? వంటల పుస్తకానికి ఏడ్చిన.”

“వంటలకు ఏడుపేంది?”

“ప్రతి వంట కింద ‘నలుగురికి సరిపడా’ అని రాసిండ్రు. మీ అన్న పోయిండు. పిల్లలిద్దరూ జగ్దల్‌పూర్ హాస్టల్ల ఉన్నరు. ఒక్క మనిషికి ఎంత వండాల్నో అందుల లేదు.”



“కొలత మార్చకు వదినా. ఆదివారం నేను, మా ఆయన, పాప వస్తం.”

వదిన వంటల పుస్తకాన్ని మళ్లీ తన వైపు లాక్కుంది.

“పాప కారం తింటదా?”